ఆమె రోజూ ఊరికే కూర్చునే 40 నిమిషాలు థీసిస్‌లో రాయాలా, వద్దా?

ఈసారి వచ్చిన ఉత్తరం తొమ్మిది పేజీలుంది. ఉన్నదున్నట్టు వేస్తే ఎవరు రాశారో, ఎవరి గురించి రాశారో తెలిసిపోతుంది కాబట్టి యూనివర్సిటీ పేరు, కాలనీ పేరు తీసేసి నా మాటల్లో చెప్తున్నా. కొన్ని వివరాలు మార్చాను కూడా, పైన పెట్టిన 40 అసలు అంకె కాదు, చోటూ అసలు చోటు కాదు. ఎందుకు మార్చానో చదువుతుంటే మీకే తెలుస్తుంది.

రాసినమ్మాయి హ్యూమన్ జాగ్రఫీలో పీహెచ్‌డీ చేస్తోంది, ఐదో ఏడు నడుస్తోంది. హైదరాబాద్ బస్తీల నుంచి ఊరి చివర ప్రభుత్వం కట్టించిన డబుల్ బెడ్‌రూం ఫ్లాట్లకి మారిన ఆడవాళ్ళలో చాలామంది ఇప్పటికీ ఇళ్ళల్లో పనికి పాత ఏరియాకే వస్తున్నారు కదా, ఇల్లు మారాక వాళ్ళ రోజు ఎలా మారింది అన్నది టాపిక్. 14 మందిని తీసుకుంది. 18 రోజులపాటు వాళ్ళ ఫోన్లలో జీపీఎస్ యాప్ పెట్టి, తర్వాత ఒక్కొక్కరి మ్యాపూ ప్రింట్ తీసి, పక్కన కూర్చుని ఇక్కడేంటక్కా, ఇక్కడ ఎందుకు ఆగావక్కా అని అడుగుతూ పోయింది. ఈ 14 మందీ దొరికింది ఒకావిడ వల్ల, ఆవిడ మన అమ్మాయి పిన్ని వాళ్ళింట్లో పనిచేస్తుంది. మొదట్లో మేడం మేడం అనే ఆవిడ నాలుగు నెలలు పోయాక బిడ్డా అనడం మొదలుపెట్టింది.

ఆవిడ మ్యాపులో రోజూ సాయంత్రం ఒకే చోట 40 నిమిషాల ఆగుడు కనిపించింది. అడిగితే నవ్వేసిందట. బస్సు మధ్యలో దిగి, పార్కు గోడ పక్కన సిమెంటు బెంచీ మీద చెప్పులిప్పి కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చుంటుంది, పది రూపాయల పల్లీలు కొనుక్కుంటుంది, తర్వాతి బస్సో ఆ తర్వాతిదో ఎక్కుతుంది. ఇంట్లోవాళ్ళు ట్రాఫిక్ అనుకుంటారు. అంతసేపు ఏం చేస్తావక్కా అంటే “ఏం చెయ్య. కూసుంట” అంది.

అమ్మాయి ఆ మ్యాపుని డిపార్ట్‌మెంట్ సెమినార్‌లో చూపించింది, అందరూ వావ్ అన్నారు, గైడ్ అయితే నీ థీసిస్‌కి ఇదే గుండెకాయ అన్నాడు. ఆ సంతోషంలో వెళ్ళి అక్కా నీ కథ అందరికీ నచ్చిందక్కా అని చెప్పేసింది. ఆవిడ మొహం మారిపోయింది. “ఇంట్ల తెలుస్తే లొల్లయితది, గది రాయకు” అంది. ఆ రోజు నుంచి మళ్ళీ మేడం. వెళ్తే కుర్చీ వేస్తోంది కానీ మాట్లాడట్లేదు.

సబ్మిషన్‌కి ఐదు నెలలుంది. పేరు మార్చి రాసేస్తే తప్పా, తీసేస్తే అది డేటాని దాచడం కాదా, గైడ్‌కి ఏం చెప్పాలి, పైగా ఆయనే ఇంకోపక్క 14 మందితో ఏం తేలుతుంది 400 మందితో క్వశ్చనీర్ చెయ్యి అంటున్నాడు దానికేం చెయ్యాలి, చివరగా “ఫెమినిస్ట్ రీసెర్చ్ అని పేరు పెట్టుకుని నేను చేసింది ఆవిడని వాడుకోవడమేనా?” ఇవీ ఆమె ప్రశ్నలు.

అమ్మాయ్, నువ్వు అనే రాస్తాను, నా స్టూడెంట్ల వయసే నీది.

ముందు నా కథ ఒకటి చెప్తాను. నేను రీసెర్చ్ చేసే రోజుల్లో ఒక ఊళ్ళో ఆడపిల్లలు నీళ్ళకి వెళ్ళే దార్లు గీయించాను, వాళ్ళ చేతే ముగ్గుపిండితో నేల మీద వేయించి తర్వాత చార్టు మీదకి ఎక్కించాం, నాకు భలే గొప్పగా అనిపించి ఆ చార్టుని తీసుకెళ్ళి ఊరి మీటింగులో గోడకి అంటించాను. ఒక పిల్ల దారి మిగతావాళ్ళ కంటే చాలా పొడుగ్గా, చెరువుగట్టు చుట్టూ తిరిగి ఉంది. ఎందుకని నేను ఆ పిల్లని అడగనైనా లేదు. వాళ్ళన్న గోడ ముందు నిలబడి చాలాసేపు ఆ చార్టుని చూశాడు. తర్వాత వారం నుంచి ఆ పిల్ల నీళ్ళకి వెళ్తే వెనకాల అన్న ఉన్నాడు. నేను ఆ చార్టు మీద పేర్లు రాయలేదు, నంబర్లే రాశాను. నీ మొదటి ప్రశ్నకి అందుకే అంత ఖచ్చితంగా చెప్పగలను, పేరు మార్చొచ్చు, కానీ దారిని మార్చలేం. కొల్లూరులాగా 15,660 ఫ్లాట్లు ఒకేచోట ఉన్న కాలనీ మొత్తం మీద నువ్వు స్టడీ చేసుంటే ఒక మనిషి అందులో కలిసిపోతుందేమో, నీవి 14 మంది, అందులో సగం మంది ఒకే బ్లాకు, ఫలానా రూట్లో ఫలానా టైముకి వచ్చేది ఎవరో ఆ బ్లాకులో లిఫ్టు దగ్గర నిలబడ్డ ఎవరైనా చెప్తారు. థీసిస్ ఎవరు చదువుతారులే అనుకోకు. యూజీసీ రూల్ ప్రకారం అది శోధ్‌గంగలో, అంటే పీహెచ్‌డీ థీసిస్‌లు పెట్టే ఆన్‌లైన్ లైబ్రరీలో, ఎక్కాల్సిందే, ఎక్కాక లాగిన్ కూడా అక్కర్లేదు. ఆవిడ కొడుకు డిగ్రీ చదువుతున్నాడని నువ్వే రాశావు.

ఇంకో సంగతి నీ ఉత్తరంలో నువ్వు గమనించకుండా రాసేశావు. పిన్ని నిన్ను అడిగిందన్నావు కదా, మా పనావిడ నీకేం చెప్పింది మా గురించి అని. ఆవిడకి సాయంత్రం 40 నిమిషాలు ఖాళీ ఉందని పిన్నికి తెలిస్తే ఏమవుతుందో ఊహించు. కోపమేం తెచ్చుకోదు, సాయంత్రం అంట్లు కూడా తోమేసి వెళ్ళవే అంటుంది. ఇంట్లో తెలిస్తే లొల్లి, ఆ తర్వాత గంట ముందే ఇంటికి రావాలి. అంటే ఎవరికి తెలిసినా ఆ టైము ఖర్చయిపోతుంది. ఎవరికీ తెలియదు కాబట్టే అది ఆవిడ దగ్గర మిగిలింది. 2019లో మన దేశంలో చేసిన టైమ్ యూజ్ సర్వే చూసే ఉంటావు, అప్పటి లెక్కలో ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకి సగటున 299 నిమిషాలు జీతంలేని ఆ పనికి పెట్టారు, మగవాళ్ళలో అసలు చేసేదే 26 శాతం, ఆ చేసేవాళ్ళు పెట్టేది 97 నిమిషాలు. ఆ 299 మీద నాలుగిళ్ళ పని, రెండు వైపులా బస్సు వేసుకుని చూడు, అందులోంచి 40 పక్కకి తియ్యడం ఎంత కష్టమో.

నువ్వు వాడుతున్న పద్ధతి గురించి కాస్త మాట్లాడుకుందాం, చిక్కంతా అక్కడే మొదలైందని నాకనిపిస్తోంది. స్వీడన్‌లో లుండ్ యూనివర్సిటీలో హేగర్‌స్ట్రాండ్ అనే ఆయన మనిషి రోజుని ఒక గీతగా గీయడం నేర్పాడు, 1970 నాటి ఆయన పేపర్‌తో టైమ్ జాగ్రఫీ అన్న పేరు అంతటా పాకింది. కింద నేల, పైకి టైము. నడిస్తే గీత వాలుగా పోతుంది, ఆగితే నిటారుగా పైకి లేస్తుంది. బాగుంది. ఇప్పుడు నీ మ్యాపుని అలా గీసి చూడు, పిన్ని వాళ్ళ సింకు దగ్గర నిలబడ్డ గంటా నిటారు గీతే, పార్కు బెంచీ మీద కూర్చున్న 40 నిమిషాలూ నిటారు గీతే. గీతకి తేడా తెలీదు. జిలియన్ రోజ్ అనే ఫెమినిస్ట్ జాగ్రఫర్ 1993లో రాసిన పుస్తకంలో ఇక్కడే పట్టుకుంది ఆయన్ని, ఈ గీతగా మారిన శరీరానికి భయం లేదు, ఒంటిరంగు లేదు, చంకలో పిల్ల లేదు, ఎక్కడికైనా అలా వెళ్ళిపోయే మగమనిషి శరీరాన్నే అందరి శరీరం అన్నట్టు గీశారని, పైగా అన్నీ కనపడాలి అన్న ఆ ఆశలోనే ఒక దబాయింపు ఉందని. జీపీఎస్ అయితే మరీను, మనిషి ఎక్కడుందో అది చూస్తూనే ఉంటుంది, దాన్నెవరూ చూడరు. డోనా హారవే అనే ఫెమినిస్ట్ రచయిత్రి 1988లో ఎక్కడా నిలబడకుండా అన్నీ చూసేసే చూపు అని తిట్టింది ఇలాంటిదాన్నే.

అలాగని మ్యాపులు తగలెయ్యమని ఎవరూ అనలేదు. మే-పో క్వాన్ అనే ఆవిడ జీఐఎస్‌నే, అంటే కంప్యూటర్లో మ్యాపులు వేసే పద్ధతినే, తీసుకుని, సెప్టెంబర్ 11 తర్వాత అమెరికాలో కొలంబస్ ఊళ్ళో ఒక ముస్లిం మహిళ కారులో తిరిగిన దారిని, ఆమె చెప్పిన మాటల్ని బట్టి ఎక్కడ ఎంత భయం వేసిందో ఆ రంగులతో గీసింది. నువ్వు ప్రింట్ తీసి పక్కన కూర్చుని అడిగావు చూడు, నువ్వు చేసింది కూడా అలాంటి మంచి పనే. ఆ అడిగినప్పుడే ఆవిడ నవ్వింది. యాప్ ఒక్కటే అయితే నీకు దొరికేది ఒక ఆగుడు, బస్సు కోసం వెయిటింగ్ అనుకుని వదిలేసేదానివి. కాబట్టి ఆ సంగతి నీకు తెలిసింది డేటా వల్ల కాదు, ఆవిడ నిన్ను బిడ్డా అనడం వల్ల. బిడ్డకి చెప్పిన మాట స్లైడ్ మీదకి ఎలా ఎక్కిందా అన్నదే ఆవిడ బాధ అని నా అనుమానం. తప్పయితే ఆవిడనే అడుగు.

ఇక ఏం చెయ్యొచ్చు అంటే నాకు కొన్ని దార్లు కనపడుతున్నాయి, దేనికుండే నష్టం దానికుంది.

ఒకటి, ఆవిడని మొత్తంగా తీసెయ్యడం. కన్సెంట్ ఫారంలో ఎప్పుడైనా తప్పుకోవచ్చు అని నువ్వే రాసుంటావు, ఆ హక్కు అదే, నీది 13 మంది స్టడీ అవుతుంది. అంతా శుభ్రంగా ఉంటుంది. కానీ ఆవిడ తీసెయ్యమంది ఆ కూర్చోవడాన్ని, తనని కాదు. పొద్దున ఐదింటికి బస్సులో సీటు దొరకడం గురించి, కొత్త ఫ్లాటులో లిఫ్టు పనిచెయ్యకపోతే నీళ్ళ బిందె ఎత్తుకెళ్ళడం గురించి ఆవిడ చెప్పినవి నువ్వు ఉత్తరంలో రెండు పేజీలు రాశావు, అవన్నీ చెరిపేస్తే ఇంకోరకంగా బాధపడొచ్చు. నేను చెప్పిందేదీ పనికిరాలేదా అనుకోవచ్చు. అడక్కుండా ఇది చెయ్యకు.

రెండు, ఆవిడ ఉంటుంది, సాయంత్రం ఉండదు. అంటే ఆవిడ మ్యాపు వెయ్యవు, లేదా పొద్దుటి సగమే వేస్తావు. ఎగ్జామినర్ అడగొచ్చు సాయంత్రం ఏదమ్మా అని, అందుకని 14 మందిలో ఎవరికీ రోజు మొత్తం మ్యాపు వెయ్యకపోవడం మంచిది, ఒక్కదానికే సగం గీత ఉంటే అందరి కళ్ళూ అక్కడికే పోతాయి. నష్టమేంటంటే నీ మ్యాపులు అందంగా ఉండవు. ఉండకపోతే ఉండకపోనీ.

మూడు, ఆవిడ లేకుండా ఆ మాట చెప్పడం. నాకు బాగా నచ్చింది ఇదే కానీ పని ఎక్కువ. చూడు, 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్ళకి బస్సు ఫ్రీ. అంతకుముందు పాస్ లేనివాళ్ళు మధ్యలో దిగితే మళ్ళీ టికెట్ కొనాలి, దిగడమంటే డబ్బు పోగొట్టుకోవడం. ఇప్పుడు ఎక్కిన ప్రతిసారీ జీరో టికెట్ కొడతారు, దిగినందుకు పోయేదేం లేదు. ఫ్రీ బస్సు గురించి అందరూ ఎంత డబ్బు మిగిలింది, ఎంత రద్దీ పెరిగింది అనే మాట్లాడుతున్నారు, మధ్యలో దిగొచ్చు అన్న సంగతి నేనైతే ఎక్కడా వినలేదు. ఇది ఒక మనిషి రహస్యం కాదు, టికెట్ మిషన్ ఎలా పనిచేస్తుందో దాని గురించిన మాట. దీన్ని మిగతా 13 మందితో మాట్లాడు, ఆవిడ ఊసు ఎత్తకుండా, ఫ్రీ అయ్యాక మధ్యలో దిగుతున్నారా, ఎందుకు దిగుతున్నారు అని. కూరగాయలకి, చెల్లెల్ని చూడటానికి, గుడికి అని చెప్తారు, ఇద్దరు ముగ్గురు ఊరికే అని కూడా అంటారేమో. వాళ్ళు రాసుకో అంటే రాసుకో. ఊరికే కూర్చోవడం గురించి థియరీ కావాలంటే ముంబై మీద శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రానడే కలిసి 2011లో తెచ్చిన పుస్తకం ఉంది, ఆడది బయట కనపడాలంటే చేతిలో ఏదో ఒక పని ఉన్నట్టు కనపడాలి, పనిలేకుండా నిలబడే హక్కే అసలు హక్కు అని వాళ్ళ వాదన. దాని పక్కన నీ జీరో టికెట్ పెట్టు, చాప్టర్ నిలబడుతుంది. నష్టం ఏంటంటే ఎవరూ ఊరికే అనకపోవచ్చు. అప్పుడు నీకు ఆ మాట రాసే ఆధారం లేదు, ఆశ వదులుకోవాలి. ఇంకా ఒక జాగ్రత్త, అందరినీ ఒకచోట కూర్చోబెట్టి అడక్కు, ఆవిడ అక్కడుంటే ప్రాణం పోతుంది.

నలుగురి కథలూ కలిపి ఒక ఊహామనిషిని తయారుచేసే పద్ధతి కూడా ఉంది, కొంతమంది చేస్తారు, అలా కలిపానని మెథడ్స్‌లో దాచకుండా రాయాలి. నీ గైడ్ ఒప్పుకోడని నా అంచనా, బలవంతంగా వాదించి ఒప్పించేంత ఓపిక ఐదు నెలల్లో నీకు ఉండదు.

ఇంకోటి నువ్వే రాశావు, ఈ గొడవనే ఒక చాప్టర్‌గా రాస్తాను, నా పొజిషనాలిటీ గురించి, అంటే నేను ఏ చోట నిలబడి చూస్తున్నానో దాని గురించి అని. కిమ్ ఇంగ్లండ్ అనే జాగ్రఫర్ టొరంటోలో లెస్బియన్ల మీద మొదలుపెట్టిన ప్రాజెక్టుని వదిలేసి, అలా వదిలెయ్యడం గురించే 1994లో పేపర్ రాసింది, ఇప్పటికీ అందరూ చదువుతారు. కాబట్టి అది తప్పుదారి కాదు. కానీ నీ విషయంలో నాకు రెండు భయాలున్నాయి. నాతో ఒకావిడ ఒక రహస్యం చెప్పింది, అది నేను చెప్పను అని రాస్తే, ఏంటది ఏంటది అని వైవాలో ముగ్గురు అడుగుతారు. రెండోది, ఆ చాప్టర్ నీ బాధ గురించి అయిపోతుంది. ఈమధ్య నేను చూసే ప్రతి థీసిస్‌లో ఒకటిన్నర పేజీ ఉంటోంది, నేను పై కులం నుంచి వచ్చాను, సిటీలో పెరిగాను, నాకు ప్రివిలేజ్ ఉంది, అని. సరే ఉంది, తర్వాత? పూజ ముందు ఆచమనంలాగా అయిపోయింది. అదే జిలియన్ రోజ్ 1997లో ఇంకో వ్యాసం రాసింది, తన చోటు తనకి పూర్తిగా కనపడుతుంది అనుకోవడం కూడా ఆ అన్నీ చూసేసే చూపులాంటిదే అని. నీ చోటు గురించి రాయాలంటే చిన్న చిన్నవి రాయి. మొదటి మూడు ఇంటర్వ్యూలు పిన్ని వాళ్ళ వంటింట్లో జరిగాయన్నావు, నువ్వు కుర్చీలో, ఆవిడ కింద గోడకి ఆనుకుని. ఆ మూడింటిలో ఆవిడ పిన్ని గురించి ఏం చెప్పింది? మంచి మేడం అని చెప్పుంటుంది. ఇంకేం చెప్తుంది. ఆ మూడు ఇంటర్వ్యూలు ఆ సంగతితో కలిపి చదవాలని రాస్తే అది పనికొచ్చే పొజిషనాలిటీ.

అసలు పేరు దాచడమే ఎప్పుడూ మంచిదని కూడా నేను అనను. యూపీలో సీతాపూర్ జిల్లాలో ఊళ్ళల్లో ఆడవాళ్ళతో పనిచేసే ఏడుగురు మహిళా కార్యకర్తలు రిచా సింగ్, రిచా నాగర్ అనే ఇద్దరితో కలిసి 2004లో తమ జీవితాల గురించి హిందీలో పుస్తకం తెచ్చారు, రచయితలుగా సొంత పేర్లే వేసుకున్నారు, దానికి ఎదురుదెబ్బలు తిన్నారు, అయినా నిలబడ్డారు. మన దగ్గర స్త్రీశక్తి సంఘటన వాళ్ళు తెలంగాణ పోరాటంలో ఉన్న ఆడవాళ్ళని కలిసి 1986లో “మనకు తెలియని మన చరిత్ర” తెచ్చినప్పుడు ఆ ఆడవాళ్ళూ పేర్లతోనే మాట్లాడారు. పేరు ఉండాలా వద్దా అనేది చెప్పుకున్న మనిషి తేల్చాలి. ఇక్కడ ఆవిడ తేల్చేసింది.

డేటాని దాచడం కాదా అన్నావు. ఉన్నదాన్ని లేదని రాస్తే అబద్ధం, సాయంత్రం నేరుగా ఇంటికి వెళ్ళింది అని నువ్వు రాస్తే అది మోసం. కొంతమంది కోరిక మీద కొన్ని భాగాలు తీసేశాను అని ఒక వాక్యం రాస్తే మోసం కాదు. ఎవరు అనేది, ఏ భాగం అనేది ఎవరికీ చెప్పక్కర్లేదు, గైడ్‌కి కూడా. కాకపోతే ఆయన స్లైడ్ చూసేశాడు, దానికి చేసేదేం లేదు, సార్ ఆ పార్టిసిపెంట్ కన్సెంట్ వెనక్కి తీసుకున్నారు, వాడితే రేపు ఎథిక్స్ కమిటీ ముందు మనిద్దరం కూర్చోవాలి అని చెప్పు. మనిద్దరం అనే మాట తప్పకుండా వాడు. గైడ్లకి ఫెమినిజం కంటే కమిటీ తొందరగా అర్థమవుతుంది, అనుభవం మీద చెప్తున్నా.

400 క్వశ్చనీర్ల గురించి పెద్దగా బాధపడకు. నంబర్లు మగవి, కథలు ఆడవి అనే మాట నాకు మొదట్నుంచీ నచ్చదు, పైన నేను చెప్పిన 299 కూడా నంబరే. ఆయనతో గొడవ పడే బదులు 2011 జనాభా లెక్కలు తీసి చూపించు. పనికి ఎంత దూరం, ఎలా వెళ్తారు అని అప్పుడు టేబుళ్ళు వేశారు, కానీ సాగు, వ్యవసాయ కూలి, ఇంట్లో చేసే పరిశ్రమ వాళ్ళని వదిలేసి మిగతా పనివాళ్ళకే. రేషన్ షాపుకి, బడికి, ఆస్పత్రికి వెళ్ళే ప్రయాణాలు ఆ లెక్కలో లేనే లేవు. 400 మందిని అడిగినా అడిగే ప్రశ్నలో ఆ ప్రయాణం లేకపోతే రాదు కదా సార్, ఏం అడగాలో తెలుసుకోవడానికే ఈ 14 మంది అను. మరీ పట్టుబడితే నీ ఇంటర్వ్యూల్లోంచి వచ్చిన ప్రశ్నలతో ఒక వందమందికి చిన్న సర్వే చెయ్యి, నీకూ పనికొస్తుంది. ఐదు నెలల్లో 400 అయితే నువ్వు చెయ్యలేవు, పిల్లలకి డబ్బులిచ్చి నింపిస్తావు, అది ఎలా ఉంటుందో మనందరికీ తెలుసు.

వాడుకున్నానా అన్నదానికి నేను జడ్జిమెంట్ ఇవ్వను. కొంత వాడుకున్నావు, నేనూ వాడుకున్నాను, ఆ పిల్ల దారి నా థీసిస్‌లో 7వ బొమ్మ. ఇప్పుడు ఈ జవాబు రాస్తూ కూడా ఆ బెంచీని ఇంతమందికి చూపించాను, అన్నీ మార్చేశాను కదా అని సర్దిచెప్పుకుంటున్నాను కానీ పూర్తిగా కుదురు లేదు.

ఆవిడ దగ్గరికి వెళ్ళు, పిన్ని వాళ్ళింటికి కాదు, బస్సులో కాదు, ఆ బెంచీ దగ్గరికైతే అసలే వద్దు. ఆవిడ రమ్మన్న చోటికి. క్షమించు అని పెద్ద సీన్ చెయ్యకు, నువ్వు ఏడిస్తే మళ్ళీ ఆవిడే నిన్ను ఓదార్చాలి. ఏం తీసేశావో చూపించు, ప్రింటు తీసుకెళ్ళి చదివి వినిపించు. ఆవిడ ఫోన్లో ఆ యాప్ ఇంకా ఉందేమో చూడు, అది ఇంట్లో కొడుకు కూడా వాడే ఫోన్ అన్నావు కదా, లొకేషన్ హిస్టరీ కూడా ఆవిడ ముందే తీసెయ్యి. మళ్ళీ బిడ్డా అంటుందా అంటే చెప్పలేను, అనకపోయినా ఆవిడ ఇష్టం.

ఇవన్నీ తర్వాత. ఆ సెమినార్ పీపీటీ డిపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పెట్టానని ఆరో పేజీలో ఎక్కడో రాశావు, ఇవాళే అడ్మిన్‌కి ఫోన్ చెయ్యి, డౌన్‌లోడ్ చేసుకున్నవాళ్ళని కూడా ఒక్కొక్కరినీ అడిగి తీయించు.